నోకియా ఇంటర్నెట్ టాబ్లెట్లలో వీడియో ప్రదర్శన

నోకియా ఇంటర్నెట్ టాబ్లెట్లు ఫిన్లాండు దేశానికి చెందిన నోకియా సంస్థ 2005 - 2009 మధ్యకాలంలో విడుదల చేసిన, చేతిలో ఇమిడే ఇంటర్నెట్ పరికరాలు. నోకియా 770, ఎన్800, ఎన్810, ఎన్900 ఈ కోవకు చెందినవి. ఇవి లినక్సు ఆధారిత మేమో నిర్వహణ వ్యవస్థతో పనిచేసేవి. వెబ్ పేజీలు చదవడానికి అనువుగా ఉన్నప్పటికీ, మొదటి మూడు పరికరాలు వీడియో విషయంలో వెనుకబడ్డాయి. చేతి పరికరాలలో వీడియో ప్రదర్శన ఏయే అంశాలపై ఆధారపడుతుందో తెలుసుకోవడానికి వీటి చరిత్ర మంచి ఉదాహరణ.

పరికరాలు

నోకియా 770 2005లో వెలువడినది. ఇందులో 64 మెగాబైట్ల మెమొరీ, 4.13 అంగుళాల తెర ఉన్నాయి. 2007 జనవరిలో ప్రకటించిన ఎన్800లో మెమొరీని 128 మెగాబైట్లకు పెంచారు. అదే సంవత్సరం అక్టోబరులో కీబోర్డు, జీపీఎస్ గల ఎన్810ను ప్రకటించారు. ఈ రెండింటిలోనూ ఓమాప్ 2420 ప్రాసెసర్ వాడారు. ఎన్800లో మొదట సుమారు 330 మెగాహెర్ట్జ్‌గా ఉన్న ప్రాసెసర్ వేగం, ఓఎస్2008 అనే కొత్త సాఫ్టువేరుతో 400 మెగాహెర్ట్జ్‌కు చేరినది.

వీడియో విప్పే విధానం

వీడియోను సంకోచింపజేసి భద్రపరుస్తారు. చూసేటప్పుడు పరికరం ప్రతి ఫ్రేమును తిరిగి విప్పి, తెరకు పంపాలి. సెకనుకు 25 ఫ్రేములు గల వీడియోలో ఒక్కొక్క ఫ్రేముకు లభించే వ్యవధి 40 మిల్లీసెకన్లు మాత్రమే. ఆ వ్యవధిలో పని పూర్తికానిచో ఫ్రేములు వదలివేయబడి బొమ్మ కుదుపులతో కదులుతుంది, లేదా ధ్వనికీ బొమ్మకూ పొత్తు తప్పుతుంది.

తెర సమస్య

ఈ టాబ్లెట్ల ప్రధాన ఆకర్షణ 800×480 పిక్సెళ్ళ తెర. వీడియోకు ఇదే భారమైనది. ఒక నిండు తెర బొమ్మలో 3,84,000 పిక్సెళ్ళుంటాయి. పిక్సెల్‌కు 2 బైట్ల చొప్పున, 25 ఫ్రేములకు సెకనుకు 1.92 కోట్ల బైట్లను తెరకు చేరవేయాలి. తెర నియంత్రిక ప్రాసెసర్‌కు వెలుపల, సొంత మెమొరీతో ఉండేది. రెండింటినీ కలిపే మార్గం సన్ననిది. కావున వీడియోను విప్పగలిగినా, సకాలంలో తెరకు చేర్చడం కష్టమయ్యేది. కొన్నిసార్లు బొమ్మ అడ్డంగా చీలినట్లు కనిపించేది.

స్ట్రీమింగ్

ఆ రోజులలో యూట్యూబ్ వీడియోలను బ్రౌజరులోని ఫ్లాష్ ప్లేయరు ద్వారా చూడవలసి వచ్చేది. ఫ్లాష్ ప్లేయరు విప్పే పనినంతా ప్రధాన ప్రాసెసర్‌పైనే మోపేది. పేజీని చిత్రించే భారం దీనికి అదనం. అందువలన వై-ఫై వేగం సరిపోయినా బొమ్మ నిలకడగా కదిలేది కాదు. అదే వీడియోను దించుకొని ఎంప్లేయర్‌లో చూస్తే మెరుగుగా ఉండేది. అంటే లోపం ప్రధానంగా ఇంటర్నెట్ వేగంలో కాక, విప్పే పద్ధతిలో ఉన్నదని అర్థమవుతుంది.

పరిష్కారాలు

స్వచ్ఛంద రచయితలు ఎంప్లేయర్‌ను ఈ పరికరాలకు అనువుగా మలచారు. వినియోగదారులు సినిమాలను ముందుగా కంప్యూటరులో 400×240 పరిమాణానికి మార్చుకొనేవారు. ఇందులో 96,000 పిక్సెళ్ళే ఉండటంతో భారం నాలుగవ వంతుకు తగ్గేది. ఆ బొమ్మను రెండింతలు చేసి నిండు తెరపై చూపే పనిని తెర నియంత్రికే చేసేది. ఓమాప్ 2420లో త్రిమితీయ చిత్రాల కోసం ప్రత్యేక భాగం ఉన్నా, తగిన డ్రైవర్లు ఇవ్వకపోవడంతో అది నిరుపయోగంగా మిగిలినది. నిర్వహణ వ్యవస్థలో అధిక భాగం స్వేచ్ఛా సాఫ్టువేరే అయినా, హార్డువేరు తాళాలు తయారీదారుల వద్దనే ఉండిపోయాయి.

తరువాతి పరిణామాలు

2007లో ఆపిల్ ఐఫోన్ మరొక మార్గం చూపినది. అది ఫ్లాష్‌ను ఆదరించలేదు. యూట్యూబ్ తన వీడియోలను హెచ్.264 పద్ధతిలోకి మార్చి అందించినది. పరికరం ప్రత్యేక హార్డువేరుతో వాటిని సులభంగా విప్పగలిగేది. 2009లో వచ్చిన ఎన్900లో 600 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్‌తో వీడియో గణనీయంగా మెరుగుపడినది. అయితే 2011 ఫిబ్రవరిలో నోకియా విండోస్ ఫోన్ వైపు మొగ్గడంతో ఈ శ్రేణికి కొనసాగింపు లేకపోయినది. అదే సంవత్సరం నవంబరులో మొబైల్ బ్రౌజర్లకు ఫ్లాష్ అభివృద్ధిని నిలిపివేస్తున్నట్లు అడోబ్ ప్రకటించినది. పరికరం శక్తికి తగినట్లు వీడియోను పలు పరిమాణాలలో సిద్ధం చేసి పంపే పద్ధతి తరువాత సర్వసాధారణమైనది. టాబ్లెట్ల వినియోగదారులు ఇంటి కంప్యూటరులో చేసుకొన్న పనిని ఇప్పుడు సర్వర్లే చేస్తున్నాయి.

ఇవి కూడా చూడండి

లినక్సు
యూట్యూబ్
అడోబ్ ఫ్లాష్