చనుబాల దోషం: ఉత్తర సర్కారుల శిశు బెరిబెరి – ఒక చారిత్రక పరిశీలన

తల్లిపాలలో దోషం ఉండవచ్చుననే భావన మన వైద్య వాఙ్మయంలో చాలా పాతది. చరక సంహిత చికిత్సాస్థానం ముప్పయ్యవ అధ్యాయం క్షీరదోషాలను ఎనిమిదిగా లెక్కించింది. రుచి చెడడం, నురుగు కట్టడం, జిడ్డు తగ్గడం, రంగు మారడం, దుర్గంధం మొదలైనవి అందులో ఉన్నాయి. మంచి పాలను గుర్తించడానికి సంహితలు చెప్పిన పరీక్ష నీటి పరీక్ష. నీటిలో వేసిన పాలు పూర్తిగా కలిసిపోతే అవి శుద్ధమైనవి. దోషం ఉన్నదని తేలితే ఔషధం ఇవ్వవలసింది ముందుగా పాలిచ్చే స్త్రీకే. బిడ్డ జబ్బుకు తల్లికి వైద్యం చేయడమనే ఈ ఆలోచన గమనింపదగినది. పాల దోషాన్ని గూర్చి ఆధునిక వైద్యం తెలుసుకున్న ఒక ముఖ్య విషయానికి తెలుగు తీరప్రాంతంతో నేరుగా సంబంధం ఉన్నది. ఈ వ్యాసం పరిశీలించేది ఆ సందర్భాన్నే.

శిశు బెరిబెరి లక్షణాలు పరిశీలకుణ్ణి తప్పుదారి పట్టించేవి. బిడ్డ రెండు మూడు నెలల వరకు చక్కగా పాలు తాగుతుంది, బొద్దుగానే కనిపిస్తుంది. తరువాత పాలు కక్కడం, చికాకు మొదలవుతాయి. కొందరు శిశువులలో గొంతు బొంగురుపోయి, ఏడుస్తున్నట్లు ముఖం కనిపించినా శబ్దం వినబడదు. గుండె దెబ్బతిన్నప్పుడు ఒక్కసారిగా గుక్కపట్టి ఏడ్చి, ఎగశ్వాసతో ఒళ్లు నీలంగా మారి, కొన్ని గంటలలోనే మరణం సంభవించవచ్చు. నిన్నటిదాకా బాగున్న బిడ్డ ఇలా పోతే ఇంటివారు దిష్టి అనో బాలగ్రహం అనో అనుకోవడంలో వింత లేదు. తల్లికి కాళ్ల తిమ్మిరి తప్ప మరే బాధా ఉండకపోవచ్చు, అది కూడా లేకపోవచ్చు. ఆమె పాలు రంగులో, రుచిలో, వాసనలో మామూలుగానే ఉంటాయి. ప్రాచీనుల నీటి పరీక్షలో అవి నిస్సందేహంగా నెగ్గుతాయి. లోపించినది కంటికి కనబడని థయమిన్, అనగా విటమిన్ బి1.

ఉత్తర సర్కారులలో బెరిబెరి ఉనికి పందొమ్మిదో శతాబ్దపు తొలి భాగం నుండే వైద్య గ్రంథాలకు ఎక్కింది. మద్రాసు సైనిక వైద్యుడు జాన్ గ్రాంట్ మాల్కమ్సన్ 1835లో ఈ వ్యాధి చరిత్ర, చికిత్సలపై ఒక గ్రంథం ప్రచురించాడు. ఇటువంటి తొలి రచనలలో ప్రధానంగా కనబడేవారు సిపాయిలు, ఖైదీలు. ప్రభుత్వం లెక్కపెట్టిన దేహాలు అవి. పురిటిళ్లలో పోయిన పసికందులు ఏ సైనిక ఆసుపత్రి పట్టికలోనూ ఉండరు. అందుచేత మన ప్రాంతపు శిశు బెరిబెరికి పందొమ్మిదో శతాబ్ది చరిత్ర రాయడమంటే చాలావరకు మౌనాన్ని చదవడమే. ఆనాటి వైద్యులు బెరిబెరి అన్న ప్రతి ఉబ్బూ, ప్రతి తిమ్మిరీ నేటి అర్థంలో బెరిబెరియేనని కూడా చెప్పలేము.

పాలకూ వ్యాధికీ గల సంబంధం మొదట స్పష్టమైనది తూర్పు ఆసియాలో. జపాన్ వైద్యుడు హిరోటా 1898లో, బెరిబెరి ఉన్న తల్లుల పాలు తాగిన శిశువులకు వచ్చే జబ్బును వివరించాడు. అప్పటి అవగాహన ప్రకారం పాలలో ఏదో విషం ఉన్నది, కాబట్టి పాలు మాన్పించాలి. మనీలాలో వెర్నన్ ఆండ్రూస్ 1912లో మరొక అడుగు వేశాడు. ఈ వ్యాధితో బిడ్డలను పోగొట్టుకున్న తల్లుల చన్నులకు కుక్కపిల్లలను పట్టించి, వాటిలోనూ వ్యాధి లక్షణాలను చూశాడు. నేటి నీతి ప్రమాణాలకు ఆ ప్రయోగం నిలవదు. కడుపుశోకంలో ఉన్న ఆ స్త్రీలు దానికెందుకు ఒప్పుకున్నారన్న ప్రశ్న చదువరిని వదలదు. అదే ఏడాది చాంబర్లెయిన్, వెడ్డర్‌లు బియ్యపు తవుడు సారాన్ని బిడ్డలకు తాగించి, తల్లిపాలు మాన్పించకుండానే వ్యాధి నయం చేశారు. పాలలో విషం ఉన్నదన్న వాదం అక్కడితో బలహీనపడింది. పాలలో ఉన్నది దోషం కాదు, లోపం. దోషమంటే పాలు ఆపాలి. లోపమంటే తల్లికి పెట్టాలి.

మద్రాసు రాష్ట్రంలో ఈ ప్రశ్నను చేపట్టినది కూనూరు పరిశోధనాలయం. మెకారిసన్, నారిస్‌లు 1924లోనే భారతదేశంలో బియ్యానికీ బెరిబెరికీ గల సంబంధంపై అధ్యయనం వెలువరించారు. తరువాత డైరెక్టరుగా వచ్చిన ఐక్రాయిడ్ తన సహచరులతో 1940లో బియ్యపు సమస్యపై ఒక పరిశోధన గ్రంథం, 1941లో కృష్ణన్‌తో కలిసి మద్రాసు రాష్ట్రపు బెరిబెరి ప్రాంతంలోని శిశు మరణాలపై ఒక పత్రం ప్రచురించాడు. ఆ ప్రాంతం మన సర్కారు జిల్లాలే. తమిళ జిల్లాలలో బీదలు ఎక్కువగా ఉప్పుడు బియ్యం తినేవారు. వడ్లను నానబెట్టి ఉడికించినప్పుడు బి1 విటమిన్ గింజ లోపలికి దిగి, పాలిషు పట్టినా కొంత మిగులుతుంది. సర్కారు జిల్లాలవారు ఇష్టపడినది పచ్చిబియ్యం. పాలిషుతో తవుడు పోతుంది, కడుగుతో కొంత పోతుంది, గంజి వార్చడంతో మరికొంత పోతుంది.

దీనికంతటికీ కారణం బియ్యపు మిల్లేనని తరచు రాస్తుంటారు. అది సగం నిజం. మాల్కమ్సన్ రాసేనాటికి డెల్టాలో మిల్లులు లేవు. తెల్లగా దంపి, పలుమార్లు కడిగి, గంజి వార్చిన అన్నమే ప్రధానాహారమైన ఇంట, పప్పూ కూరా అరుదైనప్పుడు, మిల్లు లేకుండానే లోపం రాగలదు. మిల్లు ఆ లోపాన్ని రోకలి అవసరం లేకుండా అందరికీ అందుబాటులోకి తెచ్చింది. దానికి బాలింత పథ్యం తోడైంది. తల్లి ఏది తింటే బిడ్డకు ఏమవుతుందోనన్న భయంతో కూరలు, పప్పులు తగ్గించి అన్నం మీదనే ఉంచిన ఇళ్లలో, బిడ్డను కాపాడాలని పెట్టిన నియమమే పాలను బలహీనపరిచింది. తల్లి ఆహారం తగ్గినా పాలలో మాంసకృత్తులు అంతగా తగ్గవు. నీటిలో కరిగే విటమిన్ల విషయం అలా కాదు. తల్లి కంచంలో లేనిది పాలలోనూ ఉండదు. అయినా ‘పాలు చెడ్డవి’ అన్న మాట పడినది తల్లి మీదనే.

థయమిన్ కృత్రిమ తయారీ 1936లో సాధ్యమయ్యాక చికిత్స సులువైంది. ఇంజెక్షను ఇచ్చిన కొద్ది గంటలలోనే ఎగశ్వాస తగ్గి బిడ్డ తేరుకోవడమే రోగ నిర్ధారణ కూడా అయింది. తల్లికీ అదే మందు ఇచ్చి పాలు కొనసాగించడం నియమమైంది. సంహితాకారులు పాలలోని లోపాన్ని పట్టలేకపోయినా, చికిత్స తల్లి నుండి మొదలుకావాలన్నది వారి మాటే.

కూనూరు సంస్థ 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థగా పిలువబడుతున్నది. సర్కారు జిల్లాల బెరిబెరి ఈనాడు వైద్య విద్యార్థులకు పాఠ్యపుస్తకంలోని పేరు. కాశ్మీరు నుండి మాత్రం గడచిన దశాబ్దంలో కూడా, కేవలం తల్లిపాలపైనే ఉన్న పసికందులు ప్రాణాపాయ స్థితిలో ఆసుపత్రికి వచ్చి, థయమిన్‌తో కోలుకున్నట్లు వైద్యులు ప్రచురించారు. అక్కడి తల్లుల ఆహారం పాలిషు బియ్యం, బాలింత పథ్యం.