అత్తరా, పర్ఫ్యూమా? సీసా కొనే ముందు తెలుసుకోవాల్సిన లెక్కలు

పండుగ దగ్గర పడితే చార్మినార్, పత్తర్‌గట్టీ అత్తరు దుకాణాల్లో రద్దీ పెరుగుతుంది. చాలామంది వాసన చూసి, సీసా సైజు చూసి, కాస్త బేరమాడి కొనేస్తారు. అందులో అసలు సుగంధ తైలం ఎంత ఉందో అడిగేవాళ్లు తక్కువ. వాసన ఎంతసేపు నిలుస్తుంది, పెట్టిన డబ్బుకు విలువ దక్కిందా అన్నది చాలావరకు దాని మీదే ఆధారపడి ఉంటుంది.

పేరును బట్టి శాతం

స్ప్రే పర్ఫ్యూమ్‌లో ప్రధానంగా ఉండేవి సుగంధ తైలం, ఆల్కహాల్, కొంచెం నీరు. తైలం పాళ్లు మారితే పేరు మారుతుంది.

• పర్ఫ్యూమ్: 20 నుంచి 30 శాతం తైలం. ధర ఎక్కువ, రెండు చుక్కలు చాలు.
• ఓ ద పర్ఫ్యూమ్, అంటే ఈడీపీ: 15 నుంచి 20 శాతం. పెళ్లిళ్లకు, రోజంతా బయట ఉండేవారికి అనుకూలం.
• ఓ ద టాయిలెట్, అంటే ఈడీటీ: 5 నుంచి 15 శాతం. ఆఫీసుకు, కాలేజీకి సరిపోతుంది.
• కొలోన్: 2 నుంచి 5 శాతం. జర్మనీలోని కొలోన్ నగరం నుంచి వచ్చిన పేరిది. రెండు గంటలు నిలిస్తే గొప్పే.
• బాడీ మిస్ట్: 1 నుంచి 3 శాతం. స్నానం తర్వాత తాజాదనం కోసం.

ఇవి వ్యాపారంలో స్థిరపడిన అంచనాలే. కంపెనీని బట్టి కొంత తేడా ఉంటుంది. బాక్సు మీద 80 శాతం వాల్యూమ్ అని కనిపిస్తే అది తైలం శాతం అనుకోవద్దు. అది ఆల్కహాల్ పరిమాణం.

పెద్ద సీసా చవకేనా?

ఒక ఉదాహరణ చూద్దాం. 100 ఎంఎల్ ఈడీటీ ధర రూ.1,200, అందులో తైలం 8 శాతం అనుకుంటే ఉన్నది 8 ఎంఎల్. ఒక్కో ఎంఎల్ తైలానికి రూ.150 పడింది. 50 ఎంఎల్ ఈడీపీ ధర రూ.1,000, తైలం 18 శాతం అనుకుంటే ఉన్నది 9 ఎంఎల్. ఎంఎల్‌కు సుమారు రూ.111. సీసా సగమే అయినా తైలం ఎక్కువ, ఖర్చు తక్కువ.

అత్తరు సంగతి వేరు

అత్తరులో ఆల్కహాల్ ఉండదు, నూనే ఆధారం. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో ఇప్పటికీ రాగి డేగ్‌లో పూలు, నీళ్లు పోసి కాచి, ఆ ఆవిరిని వెదురు గొట్టం ద్వారా గంధపు నూనె ఉన్న పాత్రలోకి పంపుతారు. ఆ పాత్రను భప్కా అంటారు. గులాబ్, మొగ్రా, ఖస్, తొలకరి మట్టి వాసన తెచ్చే మిట్టీ అత్తరు ఇలా తయారైనవే.

గంధపు నూనె బాగా ఖరీదు కావడంతో చాలా అత్తర్లలో దాని బదులు పారాఫిన్ వంటి చవక నూనెలు, రసాయన సువాసనలు వాడుతున్నారు. వాటిని అమ్మడం తప్పు కాదు, అసలు గులాబ్ ధరకు అమ్మడమే మోసం. అసలు ఊద్ అగరు చెట్టుకు శిలీంధ్రం సోకినప్పుడు పుట్టే జిగురు కట్టె నుంచి వస్తుంది. వందా రెండొందలకు దొరికేది కచ్చితంగా అది కాదు.

తులం లెక్క దగ్గరా జాగ్రత్త. బంగారం కొట్లో తులం అంటే 10 గ్రాములు, పాత తూకంలో 11.66 గ్రాములు. అత్తరు కొనేటప్పుడు ఎన్ని ఎంఎల్ ఇస్తున్నారో అడగడం మేలు.

ఆల్కహాల్ ఉంటే నమాజ్‌కు?

ఖర్జూరం, ద్రాక్షతో చేసిన ఆల్కహాల్‌కు, ఇతర పద్ధతుల్లో తయారైన దానికి తేడా చూపి నేటి ఉలమాలో చాలామంది పర్ఫ్యూమ్‌కు అనుమతి ఇచ్చారు. దూరంగా ఉండటమే మంచిదనే వారూ ఉన్నారు. సందేహం ఉంటే తమ మసీదు ఇమామ్‌ను అడగాలి. ఉమ్రా, హజ్‌కు వెళ్లేవారు ఇహ్రామ్ నియ్యత్ చేశాక ఎలాంటి సువాసనా పూసుకోకూడదు కాబట్టి వాసన లేని సబ్బు వెంట ఉంచుకోవాలి.

కొనేటప్పుడు, వాడేటప్పుడు

• స్ప్రే చేసిన వెంటనే వచ్చే వాసన కొద్ది నిమిషాల్లో పోతుంది. అరగంట ఆగి చూస్తేనే అసలు వాసన తెలుస్తుంది. ఒకేసారి మూడు, నాలుగుకు మించి చూస్తే ముక్కు తేడా పట్టలేదు.
• మోచేతి లోపలి వైపు ఒక చుక్క రాసి ఒక రోజు ఆగాలి. దురద, ఎర్రదనం వస్తే వాడొద్దు. పసిపిల్లల ఒంటికి పూయొద్దు.
• అత్తరు తెల్ల కుర్తా మీద మరక పెడుతుంది. మణికట్టుకో, చెవి వెనకో రాసుకోవాలి.
• పర్ఫ్యూమ్‌కు నిప్పు అంటుకుంటుంది. పొయ్యి, అగర్‌బత్తీ దగ్గర స్ప్రే చేయొద్దు.
• ఎండ, బాత్రూమ్ తేమ రెండూ సువాసనను పాడుచేస్తాయి. సీసాను మూత బిగించి అల్మారాలో పెట్టాలి.

బడ్జెట్ తక్కువైతే పెద్ద స్ప్రే కంటే నమ్మకమైన కొట్లో 3 ఎంఎల్ అత్తరు కొనడం నయం. చుక్క చొప్పున వాడితే వారాల తరబడి వస్తుంది.