సాన పట్టకూడని రాయి

బొలీవియాలోని పొటోసి పేరు వినగానే చరిత్ర చదివినవారికి వెండి గుర్తొస్తుంది. 1545లో అక్కడి సెర్రో రికో కొండలో బయటపడ్డ వెండి స్పెయిన్ ఖజానాను నింపింది. మిటా అనే వెట్టిచాకిరీ ఆండీస్ ప్రజలను ఆ గనుల్లోకి తోసింది. తర్వాతి కాలంలో తగరం ముందుకొచ్చింది. 20వ శతాబ్దం మధ్యలో అదే కొండలోని యూనిఫికాడా గని నీలం కలిసిన లేత ఆకుపచ్చ స్ఫటికాలను ఇచ్చింది. వాటి పేరు ఫాస్ఫోఫిల్లైట్. జర్మనీలోని హాగెన్‌డార్ఫ్‌లో దొరికిన నమూనాల ఆధారంగా 1920లో లాబ్‌మన్, స్టైన్‌మెట్జ్ ఈ ఖనిజాన్ని తొలిసారి వర్ణించారు. అక్కడివి చిన్నవి, పొటోసివి వాటికి సాటిలేనంత పెద్దవి, అందమైనవి. ఆ అందమే వాటిని సాన దగ్గరికి చేర్చింది. చెక్కితే రత్నం మిగలవచ్చు గానీ చరిత్ర పోతుందని నేను నమ్ముతాను.

ఇందుకు మొదటి ఆధారం రాయి స్వభావమే. మోస్ కొలమానంలో దీని కాఠిన్యం 3 నుంచి 3.5. పలుగురాయిది 7. మన ఇళ్లలోని దుమ్ములో పలుగురాయి రేణువులు ఉంటాయి కనుక గుడ్డతో తుడిచినా దీని మీద గీతలు పడవచ్చు. ఒక తలం వెంట ఇది చాలా సులువుగా చీలుతుంది. దీని నిర్మాణంలో నీరు ఉంది. గట్టిగా వేడి చేస్తే అది పోతుంది. అందుకే గీసి, కాల్చి పరీక్షించే పాత పద్ధతులు దీనికి తగవు. ఎక్స్-రే వివర్తనానికి చిటికెడు పొడి చాలు. రామన్ వర్ణపట పరీక్షకు అదీ అక్కర్లేదు. రంగు చూసి తేల్చడం మాత్రం ప్రమాదం, ఎందుకంటే అపటైట్ కూడా ఇదే రంగులో దొరుకుతుంది.

ఇంకో ఆధారం అది పుట్టిన తీరు. హాగెన్‌డార్ఫ్‌లో పాత ఫాస్ఫేట్ ఖనిజాలు మార్పు చెందుతుండగా స్ఫాలరైట్ నుంచి జింక్ చేరి ఇది ఏర్పడింది. పొటోసిలో లోహ ఖనిజాల సిరల్లోని వేడినీటి ద్రావణాల నుంచి పెరిగింది. ఈ తేడాను చెప్పేవి స్ఫటికపు సహజ ముఖాలు, దాన్ని అంటిపెట్టుకున్న తల్లిరాయి, గని పేరు రాసిన చీటీ. సాన ఆ మొదటి రెంటినీ చెరిపేస్తుంది. చీటీ పోతే రాయి ఊరు లేనిదవుతుంది.

ఫ్యాక్టరీల్లో ఇదే పదార్థం తయారవుతుంటే ఇంత పట్టింపు ఎందుకని అడగవచ్చు. నిజమే, ఉక్కుకు రంగు వేసే ముందు ఇచ్చే జింక్ ఫాస్ఫేట్ పూతలో సూక్ష్మమైన ఫాస్ఫోఫిల్లైట్ ఏర్పడుతుంది. కానీ ఆ పూత కొండ లోపల ఏం జరిగిందో చెప్పలేదు. గని కూలీకి రాబడి ముఖ్యం కదా అన్న ప్రశ్న ఇంకా బరువైనది. దానికి జవాబు రాయిని చెక్కడంలో లేదు. పగలకుండా బయటికి తెచ్చిన పనితనానికి న్యాయమైన ధర కట్టడంలో ఉంది. అప్పటికే విరిగిన ముక్కలను చెక్కితే అభ్యంతరం లేదు. నిండు స్ఫటికం మీ చేతికి వస్తే మాత్రం తల్లిరాయిని ఊడదీయకండి, చీటీని పారేయకండి, సాన పట్టించకండి.