ధర్మాసుపత్రియు, అభివృద్ధి హక్కును

మదనపల్లెకు కొలది మైళ్ళ దూరమున ఆరోగ్యవరమను చోటు కలదు. సముద్రమట్టమునకు రెండువేల అడుగులు మించిన యెత్తు, పొడిగాలి, చుట్టును బండకొండలు. క్షయకు మందు లేని దినములలో గాలి, వెలుతురు, విశ్రాంతి, బలమైన ఆహారము - ఇవియే వైద్యము. అందుచేత దక్షిణదేశమున పనిచేయుచున్న కొన్ని క్రైస్తవ మిషనులు కలిసి 1912లో మదనపల్లెలో ఒక శానటోరియమును నెలకొల్పి, 1915లో దానిని ఈ చోటికి మార్చినవి. దాని మొదటి వైద్యాధికారి డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మొల్లర్. ఆయన డెన్మార్కు దేశస్థులు. కడపటి ఆశతో రోగిని వెంటబెట్టుకొని వచ్చిన కుటుంబములకు ఆ చోటి పేరే ఒక ఆశీర్వచనముగ తోచియుండును.

పేదలకు వైద్యము చేయు శాలలకు మన జనులు పెట్టిన పేరు ధర్మాసుపత్రి. సర్కారు కట్టించినను, మిషనువారు కట్టించినను పేరు అదియే. ఈ మాటలో కృతజ్ఞత యున్నది. దానితోపాటు ఒక ఒదుగుబాటు కూడ నున్నది. ధర్మము చేయువాడు మనసైనన్నాళ్ళు చేయును, మానదలచినప్పుడు మానును. ఏల మానితివని అడుగుటకు పుచ్చుకొనువానికి నోరు లేదు. తిరుపతి సత్రములో విస్తరి ముందు కూర్చున్న యాత్రికుడు అన్నమును కండ్లకద్దుకొనునే గాని, ఇది నా హక్కు అనడు. సత్రపు అన్నమునకు అది తగును. వైద్యమునకు, చదువునకు, త్రాగునీటికి, కూలిపనికి కూడ అదియే తగునా యనునది ఇరువదవ శతాబ్దమున అంతర్జాతీయ సభలలో చాలకాలము నలిగిన ప్రశ్న. ఆ ప్రశ్న మన చిత్తూరు సీమలో నడచిన దారిని కొంత చూచెదము.

ప్రపంచారోగ్యసంస్థ నిబంధనావళి 1946లో సంతకములు పొంది, 1948 ఏప్రిల్ 7వ తేదీన అమలులోనికి వచ్చినది. పొందదగినంత ఉత్తమమైన ఆరోగ్యము ప్రతి మానవునకును గల మౌలికమైన హక్కులలో నొకటి యని దాని పీఠికయందే వ్రాసిరి. ఆ కాలముననే, యుద్ధముచే చితికిన ఐరోపాలో క్షయను అరికట్టుటకై డెన్మార్కు, స్వీడన్ దేశముల రెడ్ క్రాస్ సంఘములును, నార్వే సహాయసంస్థయు, ఐక్యరాజ్యసమితి బాలల నిధియైన యూనిసెఫ్‌తో చేయి కలిపి ఒక క్షయనివారణోద్యమమును నడుపుచుండెను. అది ఐరోపా దాటి మన దేశమునకును వచ్చినది. బి.సి.జి. టీకా దాని ఆయుధము. 1948లో ఆ టీకాను మన దేశమున ప్రయోగముగ ఆరంభించిన తొలి కేంద్రములలో మదనపల్లె యొకటి. ఆరోగ్యవరమున అధికారిగా పనిచేసిన డాక్టరు పి.వి. బెంజమిన్ ఆ దినములలోనే కేంద్రప్రభుత్వమునకు క్షయ సలహాదారులైరి. ఇచ్చట మిగిలిన పనిని, మొదటి అధికారి యింటిపేరే గల డాక్టరు యోహానెస్ ఫ్రిమోట్ మొల్లర్ చేపట్టిరి.

ఆ పని యెట్టిదో కొంచెము వివరముగ చెప్పదగినది. 1950 మొదలు 1955 వరకు మదనపల్లె పట్టణమునందును, చుట్టుప్రక్కల పల్లెలయందును ఇంటింటికిని పోయి జనులను లెక్క వ్రాసికొనిరి. ముంజేతికి ట్యూబర్‌క్యులిన్ అను ద్రవమును సన్నని సూదితో ఎక్కించి, కొన్ని దినములకు మరల వచ్చి, అచ్చటి వాపును కొలిచిరి. వాపు అంతగా లేనివారు క్షయక్రిమి సోకనివారని లెక్క; టీకా వేయదగినది వారికే. అయితే ఆ సోకనివారందరికిని టీకా వేయలేదు. సుమారు సగము మందికి వేసి, తక్కినవారిని విడిచి, తరువాతి సంవత్సరములలో ఏ వర్గమువారికి జబ్బు ఎంత వచ్చునో కనిపెట్టుచు వచ్చిరి. ఎక్స్‌రే తీసిరి, అనుమానము గలవారి కఫమును పరీక్షించిరి. ఇట్టి పనిలో పొలమునకు పోయినవానిని, పెండ్లికై పొరుగూరు పోయినవానిని వదలివేసినచో లెక్కయే చెడును. కావున పోయిన యింటికే మరల మరల పోవలసినదే. ఈ పరిశోధన ఫలితములు 1960లో ప్రపంచారోగ్యసంస్థ బులెటిన్‌లో నూటపది పుటలు నిండినవి. క్షయ పట్టణముల జబ్బేగాని పల్లెల జబ్బు కాదను పాత నమ్మకము, 1955-58 నడుమ జరిగిన జాతీయ సర్వేతో తొలగిపోయినది. ఆ నమ్మకమును తొలగించిన కృషిలో మదనపల్లె భాగము చిన్నది కాదని మా యభిప్రాయము.

అయినను ఆ పుటలలో మన పల్లెలవారు వయస్సులుగ, వాపు కొలతలుగ, శాతములుగ మాత్రమే కనిపించుదురు. సూది వేయుటకు వచ్చినవారిని ఆ యింటి పెద్దవ్వ ఏమని ప్రశ్నించెనో, టీకా పడని సగములో తానుంటినని ఎవనికైన తెలిసెనో లేదో, అంకెలు చెప్పవు. నాటి వైద్యులను తప్పుపట్టుటకు గాదు ఈ మాట. వారు ఎండలో నడచిరి, నిజమును వెదకిరి. కాని లెక్కపెట్టువారు ఒక వైపున, లెక్కింపబడువారు మరియొక వైపున నుండిరి. హక్కను మాట సంస్థల పీఠికలకెక్కినను, పల్లెవానికి అందినది ధర్మాసుపత్రి పద్ధతిలోనే.

1955లో మద్రాసు మాజీ ముఖ్యమంత్రి రాజగోపాలాచారి గారు బి.సి.జి.ని తామేల వ్యతిరేకించుచున్నారో తెలుపుచు ఒక చిన్న పుస్తకము ప్రకటించిరి. ఆయన వైద్యవాదము ఎంతవరకు నిలుచునన్నది వేరు సంగతి. లక్షల పిల్లల చేతులకు ప్రభుత్వము సూది వేయబూనినప్పుడు, సందేహమును బహిరంగముగ అడుగుటకు పౌరునకు చోటుండవలెననుట మాత్రము త్రోసివేయదగినది కాదు. మన జిల్లా సరిహద్దునకు ఆవల, నాటి చెంగల్పట్టు జిల్లాలో, 1968లో మరింత పెద్ద పరీక్ష ఆరంభమైనది. పెద్దవారికి వచ్చు ఊపిరితిత్తుల క్షయనుండి ఆ టీకా రక్షణ నీయలేదని 1979లో తేలినది. పసిబిడ్డలకు వచ్చు తీవ్రమైన క్షయలకు అది అడ్డుపడునన్నమాట నిలిచినది. నేటికిని పుట్టిన బిడ్డకు వేయుట అందులకే.

శానటోరియముల కాలమును ముగించినది కూడ అంతర్జాతీయ సహకారమే. ప్రపంచారోగ్యసంస్థయు, బ్రిటిషు, భారత వైద్యపరిశోధన మండలులును కలిసి 1956లో మద్రాసున నెలకొల్పిన కేంద్రము, మందులు చక్కగ వాడినచో ఇంటిపట్టున నుండు పేదరోగికిని శానటోరియములోని రోగికిని గుణము ఒకటేయని 1959లో నిరూపించినది. కొండగాలికై డబ్బు కూర్చుకొననవసరము లేకపోయినది. మందు ఊరూరికిని చేరవలసిన బాధ్యత మాత్రము ప్రభుత్వముపై పడినది.

ఇక ‘అభివృద్ధి హక్కు’ అను పేరు. దానిని గట్టిగ పలికిన మొదటివారిలో సెనెగల్ దేశపు న్యాయమూర్తి కేబా ఎంబాయ్ ముఖ్యులు. 1972లో స్ట్రాస్‌బర్గ్ నగరమున ఈ విషయముపై ప్రసంగించిరి. పదునాలుగేండ్ల వాదోపవాదముల తరువాత, 1986 డిసెంబరు 4వ తేదీన ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ అభివృద్ధి హక్కు ప్రకటనను ఆమోదించినది. అనుకూలము 146, ప్రతికూలము 1, తటస్థము 8. ప్రతికూలమైన ఆ యొక్క ఓటు అమెరికాది. తటస్థులలో బ్రిటన్, జపాన్, పశ్చిమ జర్మనీలతోపాటు స్వీడన్, డెన్మార్కులును కలవు. మదనపల్లెకు వైద్యుని పంపిన దేశము! టీకా ఉద్యమమునకు చేయూత నిచ్చిన దేశము! ఇందు కపటమేమియు లేదని మా నమ్మకము. తనకు తోచినంత ఇచ్చుట యొకటి. ఇంత ఇయ్యవలసినవాడవని ఎదుటివాడు అడుగగా ఒప్పుకొనుట మరియొకటి. ఉదారులకు సైతము రెండవది కష్టము.

మన దేశము అనుకూలముగనే ఓటు వేసినది. అయితే ఆ ప్రకటన ధనిక దేశములకు మాత్రమే చెప్పిన బుద్ధి కాదు. అభివృద్ధికి కేంద్రము మానవుడనియు, అతడు ఫలము ననుభవించువాడు మాత్రమే గాక అందు పాలుపంచుకొనువాడు కూడ కావలెననియు రెండవ అధికరణము చెప్పుచున్నది. ఆ పరిస్థితులను కల్పించు ప్రథమ బాధ్యత ఎవరి రాజ్యమున వారిదే యని మూడవది. పేద దేశముల ప్రభుత్వములు విదేశములలో ఈ ప్రకటనను వల్లించినంత శ్రద్ధగ స్వగృహమున వల్లింపలేదనుట కఠినమైనను నిజము.

పిమ్మట వచ్చిన సంఘములను, పదవులను గూర్చి క్లుప్తముగ చెప్పిన చాలును. 1993 వియన్నా మహాసభలో ఈ హక్కును అన్ని దేశములును ఒప్పుకొన్నవి. 1998లో ఒక కార్యవర్గము ఏర్పడినది. స్వతంత్ర నిపుణులుగ మన ఆర్థికవేత్త అర్జున్ సేన్‌గుప్త నియుక్తులైరి. పేద దేశము తన జనుల హక్కులకై నిజముగ చర్యలు గైకొన్నచో, అందుకగు వ్యయములో భాగము భరించుటకు ధనిక దేశములు కట్టుబడవలెనను ‘అభివృద్ధి ఒప్పందము’ ఆయన సూచన. అది కాగితము దాటలేదు. 2016లో ప్రత్యేక నివేదకుని పదవియు, 2019లో నిపుణుల వ్యవస్థయు ఏర్పడినవి. వీనిలో దేనికిని తీర్పు చెప్పి అమలు జరుపు అధికారము లేదు. ఆఫ్రికా ఖండమున వేరు: అచ్చటి 1981 నాటి మానవహక్కుల శాసనపత్రము ఇరువదిరెండవ అధికరణమున ఈ హక్కు నంగీకరించినది. వన్యమృగ రక్షణస్థలమునకై బొగోరియా సరస్సు తీరమునుండి వెడలగొట్టబడిన ఎండొరోయిస్ తెగవారు కెన్యా ప్రభుత్వముపై ఫిర్యాదు చేయగా, వారి అభివృద్ధి హక్కు భంగమైనదని ఆఫ్రికా కమిషను 2009లో నిర్ణయించినది. పుంగనూరు ప్రాంతపు కూలివాడు ఇట్లు ఫిర్యాదు చేయదలచినచో, ఆసియాలో అట్టి కమిషను లేదు.

జెనీవాలో మాటలున్నవి గాని ధనము లేదు. మన జిల్లాకు ధనము వచ్చినది వాషింగ్టను నుండి, అప్పు రూపమున. అంతకు మునుపు, 1990ల నడుమ, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమము దక్షిణాసియా దారిద్ర్య నిర్మూలన పథకమును కర్నూలు, అనంతపురము, మహబూబ్‌నగర్ జిల్లాలలో నడపి, స్త్రీల పొదుపు సంఘములు ఎంత చేయగలవో చూపినది. ఆ యనుభవముతో 2000లో రాష్ట్రప్రభుత్వము గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థను స్థాపించి, ప్రపంచబ్యాంకు ఋణముతో ఆరు జిల్లాలలో పని ఆరంభించినది. వానిలో చిత్తూరు ఒకటి. జనులెరిగిన పేరు ‘వెలుగు’.

మదనపల్లె పరిశోధనకు దీనికి గల భేదము గమనింపదగినది. నాడు జాబితా వ్రాసినవారు బయటివారు. వెలుగులో ఊరి పటమును నేలపై గీసి, ఏ యిల్లు నిరుపేదదో, ఏ యిల్లు కొంత కలిగినదో ఊరివారే తేల్చుట పద్ధతి. పదిపదునైదుగురు స్త్రీలు ఒక పొదుపు సంఘము. సంఘములన్నియు కలిసి గ్రామసంఘము. ఆపైన మండల సమాఖ్య. సంతకము నేర్చినవారు సంతకముతో, నేర్వనివారు వేలిముద్రతో తీర్మానముల పుస్తకము నింపిరి. పాలుపంచుకొనుట యని ప్రకటనలో వ్రాసినదానికి ఇంతకన్న దగ్గరి రూపము మన సీమలో అంతకు మునుపు మాకు కనిపించదు.

కాని సంఘపు స్త్రీ బ్యాంకునకు బాకీదారు. ఆ పుస్తకములోని సంతకము హక్కుదారు సంతకము కాదు. సంఘములు అలవరచిన వాయిదా క్రమమును చూచి ప్రైవేటు సూక్ష్మఋణ కంపెనీలును అదే వీధులలో ప్రవేశించి, ఒకే యింట రెండుమూడు అప్పులు నింపినవి. వసూళ్ళ ఒత్తిడి ఎంత పెరిగెననిన, 2010 అక్టోబరులో రాష్ట్రప్రభుత్వము ఆర్డినెన్సుతో వారిని నిలుపవలసి వచ్చినది. వెలుగు పద్ధతి మాత్రము 2011లో ఆరంభమైన జాతీయ గ్రామీణ జీవనోపాధి పథకమునకు మాదిరులలో నొకటియైనది.

హక్కు అనదగినది మరియొక దారిన వచ్చినది. 2005లో పార్లమెంటు గ్రామీణ ఉపాధి హామీ చట్టమును చేసినది. 2006 ఫిబ్రవరి 2వ తేదీన దాని నారంభించినది మన రాయలసీమలోనే, అనంతపురము జిల్లా బండ్లపల్లెలో. పని కావలెనని అర్జీ పెట్టినవానికి తేదీ వేసిన రసీదు నీయవలెననియు, పదునైదు దినములలో పని చూపనిచో నిరుద్యోగభృతి చెల్లింపవలెననియు ఆ చట్టము శాసించినది. ఎవరి పేర ఎంత కూలి చెల్లించినట్లు వ్రాసిరో ఊరివారి యెదుట బిగ్గరగ చదివి వినిపించు సామాజిక తనిఖీని మన రాష్ట్రము తక్కినవానికన్న ముందుగ చేపట్టినది. తొలి విడతలో చట్టము వర్తించిన 200 జిల్లాలలో చిత్తూరు జిల్లా యుండెను.