రేవులో పుట్టిన నవల: రాజశేఖర చరిత్రమూ మైపాడు శ్రోతలూ

కందుకూరి వీరేశలింగం రాసిన రాజశేఖర చరిత్రం మీద వచ్చిన వ్యాసాలు ముందేసుకుని కూర్చుంటే రెండే తగాదాలు కనిపిస్తాయి. తొలి తెలుగు నవల ఇదా, నరహరి గోపాలకృష్ణమ శెట్టి 1872లో అచ్చు వేసిన శ్రీరంగరాజ చరిత్రా అన్నది ఒకటి. గోల్డ్‌స్మిత్ రాసిన వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్ (1766) దగ్గర వీరేశలింగం ఎంత అప్పు చేశారన్నది రెండోది. ఈ నవలలో జనానికి ఏ పుటలు రుచించాయి, ఎందుకు రుచించాయి అని అడిగిన వ్యాసం మాత్రం నా కంటపడలేదు.

మొదటి తగాదాను ప్రస్తుతానికి పక్కన పెడతాను. నా పేచీ రెండోదానితో. దాన్ని వేక్‌ఫీల్డ్ వాదం అందాం. ఆ వాదం ప్రకారం రాజశేఖరుడి భార్య మాణిక్యాంబ, కూతుళ్ళు రుక్మిణి, సీత ముగ్గురూ గోల్డ్‌స్మిత్ నవలలోని ప్రింరోజ్ గారి ఇంటి ఆడవాళ్ళే. చీరలు మాత్రం మారాయి. గోల్డ్‌స్మిత్‌ను అనువదించడం మొదలుపెట్టి, మానేసి, సొంతంగా రాశానని వీరేశలింగమే చెప్పుకున్నారు. ఆ మాటను ఈ వాదం చేసేవాళ్ళు ఒప్పుకోలుగా చదివారు. నాకది తెగతెంపుల ప్రకటనగా కనిపిస్తుంది. ప్రింరోజ్ కూతురు ఒలీవియా కష్టాలకు మూలం ఒక జమీందారు మోసం. రుక్మిణి కష్టాలకు మూలం ఊరి నోరు. భర్త పోయాడని కబురొస్తుంది, ఇల్లంతా నమ్ముతుంది, అది అబద్ధమని తర్వాతెప్పుడో తేలుతుంది. ఒలీవియా చనిపోయిందని చెరసాలలోని తండ్రికి అబద్ధం చెప్పే ఘట్టం గోల్డ్‌స్మిత్‌లోనూ ఉంది గానీ, అది కథ ముడి విప్పడానికి వాడుకున్న ఉపాయం మాత్రమే.

నన్ను ఈ దారి పట్టించింది నెల్లూరు తీరంలోని మైపాడు. అక్కడ నెత్తళ్ళు ఎండబెట్టి ఏరే ఆడవాళ్ళ మధ్య కూర్చుని ఈ నవల చదివి వినిపించాను. గోదావరి రేవుకు స్నానానికొచ్చిన అమ్మలక్కల ప్రసంగం దగ్గర నవ్వులు మొదలయ్యాయి. రథోత్సవంలో రుక్మిణి కాసులపేరు పోయిన చోట ఏరే చేతులు ఆగిపోయాయి. "తిరనాళ్ళకి అంత బంగారం యాడన్నా ఏసుకుపోతారా మా?" అని ఒకామె. "తల్లికి బుద్ధుండబళ్ళా? పిల్లనంటే ఏం లాభం?" అని పక్కనామె. దొంగ ఎవరన్నది వాళ్ళకు పట్టలేదు. తప్పు ఎవరిదన్న పంచాయితీ చాలాసేపు సాగింది. సోదె, భూతవైద్యం వచ్చేసరికి ఒక పెద్దామె, "ఆ సోదె చెప్పినదానికి పోసిన బియ్యంతో ఆ పూట కూడన్నా అయ్యుండేది" అంది. వీరేశలింగం సంస్కరణోపన్యాసమంతా ఆ ఒక్క మాటలో ఉంది. అదే బైరాగి బంగారం చేస్తానని రాజశేఖరుణ్ణి ముంచే ప్రకరణం చదువుతుంటే మాటలు చేపల ధరల మీదికి మళ్ళాయి. విమర్శకులు నవలకు వెన్నెముక అన్న కథ అది! చదివేటప్పుడు గ్రాంథికాన్ని అక్కడక్కడ వాడుకలోకి తిప్పిన మాట నిజమే. తిప్పినా తిప్పకపోయినా కాసులపేరు కాసులపేరే.

ఇలాంటి ముచ్చట్లతోనే నడిచే పుస్తకం ఇంగ్లీషులోనూ ఉంది. ఎలిజబెత్ గాస్కెల్ నవల క్రాన్‌ఫర్డ్ 1853లో పుస్తకంగా వచ్చింది. అందులో చిన్న ఊరి ఆడవాళ్ళ రాకపోకలు, పొదుపులు, పుకార్లే కథ, ఆ పుస్తకాన్ని ఇంగ్లీషు పాఠకులు ఇప్పటికీ ఇష్టంగా చదువుకుంటున్నారు. మన దగ్గర అలాంటి పుటలకు 'సాంఘిక వర్ణన' అని పేరుపెట్టి పక్కకు నెట్టేశాం. 1878లో వీరేశలింగం పత్రిక వివేకవర్ధనిలో మొదలై 1880లో పుస్తకమైన ఈ నవలను హచిన్సన్ 1887లో ఫార్చూన్స్ వీల్ పేరుతో ఇంగ్లీషులోకి తెచ్చాడు. ఆ పేరు కూడా కథను రాజశేఖరుడి భాగ్యచక్రానికే కట్టేసింది. రచయిత మనసు ఎటుందో ఆయన తర్వాతి పనే చెబుతుంది. 1883లో ఆయన స్త్రీల కోసం సతీహితబోధిని పత్రిక పెట్టారు. రేవులో విన్న గొంతులే ఆయన్ను అటు నడిపించాయేమోనని నా ఊహ.

మైపాడు శ్రోతలు ఒక బ్రాహ్మణ ఇంటి కథను తమ కథగా విన్నారంటే, ఆ ముచ్చట్లకు కులం అడ్డు రాలేదన్నమాట. తొలి నవల ఏదన్న తగాదా కూడా ఇక అచ్చు తేదీలతో తేలేది కాదు. అమ్మలక్కల మాటలతో కథ నడిపిన మొదటి పుస్తకమే తొలి తెలుగు నవల. ఆ లెక్కన రాజశేఖర చరిత్రానికి పోటీయే లేదు.