ఎంటర్‌ప్రైజ్ నమూనా

‘స్టార్ ట్రెక్’ టెలివిజన్ ధారావాహిక చిత్రీకరణ కోసం 1964లో అమెరికాలో చేతితో తయారుచేసిన అంతరిక్ష నౌక నమూనా. రూపకర్త మ్యాట్ జెఫ్రీస్. నిర్మాణ బాధ్యత రిచర్డ్ డాటిన్‌ది. కలప, ప్లాస్టిక్, లోహపు రేకులతో చేసిన దీని పొడవు సుమారు 3.4 మీటర్లు.

మొదట దీనికి దీపాలు లేవు. కిటికీల వెనక బల్బులు తర్వాత అమర్చారు. అసలు పనితనమంతా ఇంజన్ గొట్టాల ముందున్న గోపురాల్లో ఉంది: రంగురంగుల చిన్న బల్బులు, అద్దం ముక్కలు, వాటి ముందు మోటారుతో తిరిగే రెక్కలు. రెక్క అడ్డొస్తే వెలుగు తగ్గేది, తప్పుకోగానే పెరిగేది. తెర మీద చూస్తే లోపల ఏదో శక్తి సుడి తిరుగుతున్నట్టే ఉండేది. ఇంత సాదా సామగ్రితో అంతటి భ్రమ కల్పించడం గొప్ప విషయం. విద్యుత్ తీగలు ఎడమవైపు నుంచి వెళ్లేవి కనుక కెమెరాకు ఎప్పుడూ కుడివైపే పెట్టేవారు. ఎడమ పక్క నగిషీ పూర్తి చేయనేలేదు.

1974లో ఇది స్మిత్‌సోనియన్ సంస్థకు చేరింది. 2016లో ముగిసిన పునరుద్ధరణలో ఎల్‌ఈడీ దీపాలు పెట్టారు. పళ్లెం ఆకారపు భాగం పైన మాత్రం 1960ల నాటి రంగును అలాగే ఉంచారు. ఈ నౌకను సొంతంగా తయారుచేసుకునేవారికి రంగు విషయంలో అంతకన్నా నమ్మకమైన ఆధారం లేదు.