వెండితెర, బుల్లితెర, పాట: ఎనభైల దశకపు విశేషాలు

చరిత్ర అనగానే రాజులు, యుద్ధాలు, శాసనాలు మనస్సులో మెదలుతాయి. అయితే ఒక తరం ఏ పాటలు విన్నది, ఏ బొమ్మలు చూసినది అన్నది కూడా చరిత్రలో భాగమే. మన పాఠశాల డెబ్బది అయిదేళ్ల ప్రస్థానంలో 1980 మొదలు 1989 వరకు గల దశాబ్దం ఈ దృష్టితో పరిశీలింపదగినది. తమిళ సీమలో పెరిగిన తెలుగు బాలబాలికలకు ఇల్లు, బడి తరువాత తెలుగు వినిపించిన మూడవ తావు సినిమాహాలు. ఆ కాలపు విశేషాలు కొన్నింటిని పూర్వ విద్యార్థుల ముచ్చట కొరకు, నేటి పిల్లల ఎరుక కొరకు ఇక్కడ పొందుపరుస్తున్నాము.

అప్పటికి మన నగరం పేరు మద్రాసు. చెన్నై అయినది 1996లో. తెలుగు చిత్ర నిర్మాణం క్రమంగా హైదరాబాదుకు తరలుతున్నప్పటికీ పాటల రికార్డింగులు అధికభాగం ఇక్కడే జరిగేవి. 1978లో వచ్చిన కె. బాలచందర్ చిత్రం ‘మరోచరిత్ర’ తమిళంలోకి అనువదించకుండానే మద్రాసు సఫైర్ థియేటరులో ఏడాదికి పైగా ఆడింది. ఎనభైలకు అది నాందీవాక్యం వంటిది.

1980 ఫిబ్రవరి 2న ‘శంకరాభరణం’ విడుదలైంది. శంకరశాస్త్రి పాత్రధారి జె.వి. సోమయాజులు అప్పటికి డిప్యూటీ కలెక్టరు. ‘కన్యాశుల్కం’ నాటకంలో రామప్పపంతులుగా రంగస్థల ప్రసిద్ధుడు. ఈ చిత్రానికి నాలుగు జాతీయ పురస్కారాలు లభించాయి. సంగీతానికి బహుమతి పొందిన కె.వి. మహదేవన్ నాగర్‌కోయిల్ ప్రాంతపు తమిళుడు. గాయనిగా బహుమతి పొందిన వాణీ జయరాం వేలూరులో జన్మించిన తమిళ వనిత. తెలుగువారి సంగీతాభిమానానికి ప్రతీకగా నిలిచిన చిత్రంలో తమిళుల పాలు ఇంత ఉన్నదని నేటి పిల్లలలో చాలామందికి తెలియదు.

ఈ ఋణం ఏకపక్షం కాదు. గుంటూరు సీమ ఆడపడుచు ఎస్. జానకి 1980లో ‘ఓప్పోళ్’ అనే మలయాళ చిత్రానికీ, 1984లో తెలుగు ‘సితార’కూ జాతీయ పురస్కారం అందుకున్నారు. ‘శంకరాభరణం’ గాయకునిగా బహుమతి పొందిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం ‘మరోచరిత్ర’కు హిందీ రూపమైన ‘ఏక్ దూజే కే లియే’ (1981)తో హిందీలోనూ అదే గౌరవం పొందారు. ‘సాగర సంగమం’ (1983) ఇళయరాజాకు, బాలుకు జాతీయ పురస్కారాలు తెచ్చింది. అందులోనూ, 1986లో భారతదేశం ఆస్కార్ పోటీకి అధికారికంగా పంపిన ‘స్వాతిముత్యం’లోనూ నాయకుడు తమిళుడైన కమలహాసన్.

భాషల సరిహద్దును చెరిపివేసిన చిత్రం 1987 నాటి ‘పుష్పక విమానం’. ఉదయగిరిలో జన్మించిన సింగీతం శ్రీనివాసరావు దానిని సంభాషణలు లేకుండా, బెంగుళూరులో చిత్రీకరించారు. తమిళనాట దాని పేరు ‘పేసుం పడం’, అనగా మాట్లాడే చిత్రం! మాట లేని చిత్రానికి ఆ పేరు పెట్టడంలోని చమత్కారం ఆస్వాదింపదగినది.

శాస్త్రీయ సంగీతపు జోరుతోపాటే పాశ్చాత్య లయ కూడా వచ్చిపడింది. 1980లో ‘కుర్బానీ’ హిందీ చిత్రంలోని ఒక్క పాటతో, 1981లో ‘డిస్కో దీవానే’ ఆల్బంతో పాకిస్తానీ బాలిక నాజియా హసన్ దేశమంతటినీ ఊపివేసింది. ఆ బాణీల వెనుక నిలిచిన బిడ్డు బెంగుళూరులో పుట్టి లండనులో స్థిరపడిన సంగీతకారుడు. మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ ప్రభావంతో 1985లో ‘దొంగ’ చిత్రానికి చక్రవర్తి స్వరపరచిన ‘గోలీమార్’ పాటకు చిరంజీవి నర్తించారు. రెండు దశాబ్దాల తరువాత ఆ దృశ్యం అంతర్జాలం ద్వారా విదేశాలలో వినోదమైంది. తెలుగులో తొలి 70 ఎం.ఎం. చిత్రం ‘సింహాసనం’ (1986)తో బెంగాలీ అయిన బప్పీ లహరి తెలుగు తెరకు వచ్చారు.

బుల్లితెర కథ వేరు. రంగుల ప్రసారాలు 1982లో ఆరంభమయ్యాయి. మద్రాసు కేంద్రం కార్యక్రమాలు ప్రధానంగా తమిళంలో, ఢిల్లీవి హిందీలో, ఆంగ్లంలో ఉండేవి. ఆదివారం మధ్యాహ్నపు ప్రాంతీయ చిత్రాలలో తెలుగు వంతు ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూడవలసి వచ్చేది. 1987 జనవరి 25న ‘రామాయణ్’ మొదలైనప్పుడు హిందీ రానివారు సైతం తెర ముందు కూర్చున్నారు. కథ తెలిసినదే గనుక భాష అడ్డు రాలేదు. శంకర్‌నాగ్ ఆగుంబెలో చిత్రించిన ‘మాల్గుడి డేస్’కూ, మాటలు లేని ‘పుష్పక విమానా’నికీ సంగీత దర్శకుడు ఒకరే: ఎల్. వైద్యనాథన్. 1988 ఆగస్టు 15న ప్రసారమైన ‘మిలే సుర్ మేరా తుమ్హారా’ సమైక్యతా గీతంలో తమిళ చరణం పాడినవారు గోదావరి సీమలో జన్మించిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ.

ఇన్ని ముచ్చట్ల సారాంశం ఒక్కటే. ఆ దశకంలో తెలుగు పాట ఎల్లలు దాటి చెవులకు చేరింది. కాని కంటికి, చేతికి తెలుగు అందించినది బడి. సినిమాహాలు వద్ద అమ్మే పాటల పుస్తకాన్ని తెలుగు లిపిలో చదువుకొనగలవాడు వేటూరి పదాల సొగసును అక్షరాక్షరం ఎరిగేవాడు. లిపి రానివారు అదే పాటను తమిళ లిపిలో వ్రాసుకునేవారు. ఆ లిపిలో క, ఖ, గ, ఘ లకు ఒకే అక్షరం. ఒత్తులు మాయమై, పలుకుబడి మారి, క్రమంగా అర్థమూ జారిపోయేది.

నేడు తెలుగు వినిపించే సాధనాలు నాటికంటె ఎన్నో రెట్లు పెరిగాయి. కనుక చెవికి కొరత లేదు. అక్షరానికి మాత్రం నేటికీ బడియే దిక్కు. కావున తల్లిదండ్రులకు మా మనవి ఇది: పిల్లలకు ఎనభైల నాటి పాట ఒకటి వినిపించండి, పిమ్మట దానిని వారి చేత తెలుగులో వ్రాయించండి. ఆ కాగితం మీద తప్పులు తక్కువగా ఉన్న ఇంట తెలుగు మరొక తరం నిలుస్తుంది.